పండుకోబెట్టిన గోడలు

మా అత్త గౌరీబాయి ఆ పొద్దున మేకలకు సుబాబుల్ కొమ్మలు వేస్తూ, నా వైపు చూడకుండానే మాట తేల్చేసింది.

"సొంతిల్లు సూపెట్టు అల్లుడా, పిల్లను తోల్కపో. కిరాయి ఇంట్ల మాత్రం నా పిల్ల ఒక్క రాత్రి గూడ పండుకోదు."

ఆమె మా లంబాడి మాటల్లో అన్నదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను. అందులో కోపం లేదు. మేకకు పనికిరాని ఎండుపుల్లను ఏరి పక్కన పెట్టినంత మామూలుగా అంది.

అది తొంభై రెండు మార్చి నెల. పాలకీడు దగ్గరి తండాలో నా కూతురు సావిత్రి ఐదో తరగతి ముగించబోతోంది. తండా బడి అంతవరకే. జూన్‌లో మిర్యాలగూడ హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్పించి, నాతో ఉంచుకుంటానని అడగడానికి వెళ్లాను. నేను అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తూ, ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉంటున్నాను.

ఆమె మాట వెనక ఏముందో నాకు తెలుసు. రెండున్నరేళ్ల కింద మేం సూర్యాపేటలో ఉండేవాళ్లం. నా భార్య కమ్లి కామెర్లు ముదిరి దవాఖానలో పోయింది. కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. అది ఒక్క మా ఓనరు పెట్టిన నియమం కాదు, అన్ని వీధుల్లోనూ ఉన్నదే. ఆయన గేటు దగ్గర నిలబడి చేతులు జోడించి, "మా కోడలికి నెలలు నిండినయి సారూ, ఏమనుకోకుండ్రి" అన్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. కమ్లిని తెస్తున్న జీపు వీధి మలుపులోనే ఆగింది. పక్కింట్లో ఉన్న ఎనిమిదేళ్ల సావిత్రిని ఎవరో ఎత్తుకొచ్చి మా మధ్య కూర్చోబెట్టారు. బయలుదేరే ముందు ఆ ఓనరే ఒక తెల్లగుడ్డ, బిందెడు మంచినీళ్లు పంపించాడు. ఆ మేలు నేను మరచిపోలేదు. కానీ కమ్లి రోజూ ఊడ్చి ముగ్గేసిన వాకిట్లోకి కమ్లి రాలేకపోయింది. గౌరీబాయి ఆ జీపులోనే, కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎన్ని దినాలల్ల కడతవ్?" అని అడిగింది.

"బడి తెరిచేనాటికి."

అప్పుడు తలెత్తింది. "మూడు నెలల్ల? గుడిసె ఏస్తవా?"

"గుడిసె కాదత్తా. గోడల ఇల్లే."

ఆమె నమ్మలేదు. నాకూ పూర్తి నమ్మకం లేదు. నాకున్నదల్లా మిర్యాలగూడలో రైలుపట్టాల అవతల చిన్న ప్లాటు, ఒక ఉత్తరం. వరంగల్‌లో నాతో పాటు చదువుకున్న శంకర్ ఇంజనీరయ్యాడు. ఇటుక మీద ఇటుక పెట్టి కాకుండా, గోడను ముక్కలుగా నేల మీదే పోసి, ఆరాక ఎత్తి నిలబెట్టే పద్ధతి ఒకటుందని ఆ ఉత్తరంలో బొమ్మలు గీసి రాశాడు. పలక అనే ఒక్కో ముక్క ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. కిందా పైనా ఇనుపజాలీ పెట్టిన పలుచని సిమెంటు పొర, నడుమ సిమెంటు కలిపిన వడ్ల ఊక. బిస్కెట్ల నడుమ క్రీము ఉన్నట్టు. మిర్యాలగూడలో ఊకకు కరువేమిటి? మిల్లుల వెనక గుట్టలుగా పోసి ఉంటుంది. సిమెంటు వాడపల్లి వైపు నుంచి వస్తుంది. గోడలో సగం మా ఊరిదే అనుకున్నాను.

ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దే పని ముగిసిన మర్నాడే మొదలుపెట్టాం. మేస్త్రీ లింగస్వామిది కోదాడ. ముప్పై ఏళ్లుగా గోడలు కట్టినవాడు. ఉత్తరం చూసి నేను నోటు పుస్తకంలోకి ఎత్తుకున్న బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గోడంటే కింద నుంచి పైకి లేవాలండి సారూ. మీరేమో పడుకోబెట్టి కడతానంటున్నారు. నవ్వుతారండి."

"నవ్వనియ్యి. ఎండాకాలం ఐసు ఫ్యాక్టరీల మంచుగడ్డను దేంట్ల దాస్తరు లింగస్వామీ?"

"ఊకలోనండి."

"లోపలి చల్లదనాన్ని బయటికి పోనియ్యని ఊక, బయటి వేడిని లోపలికి రానిస్తదా?"

అతను బీడీ ఆర్పేశాడు. "అదేమో నిజమేననుకోండి. కానీ మంచుగడ్డ మీద ఎవరూ కప్పు వెయ్యరు కదండీ," అంటూనే తాపీ అందుకున్నాడు.

సాయానికి భీమ్లా, అతని భార్య మోతీబాయి వచ్చారు. భీమ్లా రైస్‌మిల్లులో హమాలీ. పొద్దున మిల్లుకు పోయేలోపు రెండు గంటలు నా దగ్గర పనిచేసేవాడు. మోతీబాయి రోజంతా ఉండేది. మొదటి రోజు రెండు పలకలు పోశాం. మూడో రోజు నేను బొటనవేలితో నొక్కి చూస్తే వేలు లోపలికి దిగిపోయింది. అంచు పట్టుకుంటే అటుకుల ఉండలా రాలింది.

"సిమెంటు నకిలీదండి," అన్నాడు లింగస్వామి.

ఊక తట్ట దించుతున్న మోతీబాయి నవ్వు దాచుకోలేదు. "సిమెంటు మంచిదే. ఊకనే పచ్చిది. మేం గోడ మెత్తేటప్పుడు ఊకను సున్నపు నీళ్లల్ల నాలుగు దినాలు మగ్గబెడతం. దాని జిగురు పోవాలె గద సారు. లేకుంటే ఏం కలిపినా పట్టదు."

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగితివా? పుస్తకం సూసుకుంట చేస్తున్నవ్. పుస్తకంల ఉంటదనుకున్న."

పుస్తకంలో లేదు. శంకర్‌కు రాస్తే, 'అవును, ఊకలోని తీపి సిమెంటును గట్టిపడనివ్వదు, సున్నం వాడాలి, రాయడం మరిచాను' అని జవాబిచ్చాడు. ఆ ఉత్తరం వచ్చేసరికి మోతీబాయి రెండు గుంటలు తవ్వించి, సున్నం కలిపి, ఊకను నానేసి, తీసి, ఆరబోయడం కూడా అయిపోయింది. ఆ తర్వాత పోసిన పలక మీద లింగస్వామి ఎక్కి నిలబడ్డాడు. దిగి వచ్చి, తన చాయలో సగం మోతీబాయి గ్లాసులో పోశాడు.

గోడలకు ఇరవై ఎనిమిది పలకలు, కప్పుకు సన్నవి ఇంకొన్ని. రోజుకు రెండు. తడి గోనెసంచులు కప్పి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు చల్లాలి. నీళ్లకు నాకు చింత లేకుండా చేసింది పక్క ప్లాటు సత్తమ్మ. రెండు బర్రెలతో, ఒక కొట్టంతో ఉండేది. "నా బోరింగు కొట్టుకో సారూ, నువ్వు కొట్టంగ పారే నీళ్లు నా బర్రెలు తాగుతయి," అంది. దారిన పోయేవాళ్లు మాత్రం ఆగి చూసేవాళ్లు.

"ఏం సారూ, గోడలకు జ్వరమొచ్చిందా? పండుకోబెట్టి తడిబట్ట ఏసినవ్."

"అవునన్నా. జ్వరం దిగినంక లేస్తయి."

ఆ మాట నాకు నిజంగానే నచ్చింది. జ్వరం వచ్చిన మనిషి దగ్గర కూర్చున్నట్టే ఆ ఎండాకాలమంతా వాటి దగ్గర కూర్చున్నాను. కమ్లి దగ్గర అన్ని రోజులు కూర్చునే వీలు నాకు దొరకలేదు.

మే మొదటి వారంలో గౌరీబాయి సావిత్రిని తీసుకుని పొద్దుటి బస్సుకు వచ్చింది. సాయంత్రం బస్సుకు తిరిగి పోవాలన్నది ముందే చెప్పింది. సావిత్రి పొడుగైంది. నన్ను చూసి నవ్వింది. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల నవ్వే నవ్వు.

"నీళ్లు తాగొచ్చా?" అని అడిగింది. "ఈ రాయి మీద కూసోవచ్చా?" అని అడిగింది. నేను తెచ్చిన మిర్చిబజ్జీ బాగుందంది. ఎండ బాగానే ఉందంది. రెండున్నరేళ్లుగా నెలకోసారి తండాకు పోయినప్పుడల్లా ఇదే వరస. ఏడవదు, అలగదు, ఏదీ కావాలని అడగదు. చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతురాలో అనేవాళ్లు. నాకు మాత్రం ఆ బుద్ధి చూస్తే భయమేసేది.

"నీ అర్రకు కిటికీ ఎక్కడ పెట్టాలె?" అన్నాను.

"యాడ పెట్టినా మంచిదే."

"అట్ల కాదు. నువ్వు చెప్పేదాక ఆ పలక పొయ్యను."

ఆమె అమ్మమ్మ వైపు చూసింది. గౌరీబాయి పలకల వరుసలో నడుస్తోంది. సావిత్రి లేచి, ముగ్గుతో గీసిన ఇంటి గీతల్లోకి వెళ్లింది. చివరి అర్రలో నిలబడింది. సరిగ్గా అప్పుడే రెండు మిల్లు గోదాముల మధ్య సందులోంచి గూడ్సు రైలు పోతోంది. ఒక్కో డబ్బా ఆ సందులో కనబడి మాయమవుతోంది. డబ్బాలన్నీ పోయేదాకా చూసి, కిందపడి ఉన్న పుల్ల తీసుకుని పడమటి గీత మీద, ఎడమ చివరికి దగ్గరగా చిన్న అడ్డగీత గీసింది.

"గీడ," అంది. అని, తప్పు చేసినట్టు పుల్ల కింద పడేసింది.

గౌరీబాయి గోనెసంచి ఎత్తి పలక మీద అరచెయ్యి ఆనించింది.

"సల్లగున్నదా అత్తా?"

"నీళ్లు పోస్తే బండరాయి గూడ సల్లగనే ఉంటది," అంది. "ఎండల నిలబెట్టి సూపెట్టు."

గోడలు నిలబెట్టింది రోహిణి కార్తె మూడో రోజు. ఆ రోజు మిల్లుకు కరెంటు సెలవు. భీమ్లా తనతో పాటు పదకొండు మంది హమాలీలను తీసుకొచ్చాడు. బస్తాలు మోసిన మెడలు, గట్టి నడుములు. వాళ్లు పలకను చూసి, తట్టి, "ఇది ఐదు బస్తాలంత లేదు," అని తేల్చారు. గౌరీబాయి, సావిత్రి మొదటి బస్సుకే వచ్చి వేపచెట్టు నీడలో కూర్చున్నారు.

"ఏ గోడైనా తర్వాతేనండి. ముందు దర్వాజ నిలబడాలి," అన్నాడు లింగస్వామి. "ఇందులో మాత్రం మీ పుస్తకం మాట విననండి."

దర్వాజకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కట్టి నిలబెట్టాలి. అది జంట చెయ్యాల్సిన పని. అతను పసుపు గిన్నె పట్టుకుని నా వైపు చూసి, చూపు మరల్చాడు. నేనే రెండడుగులు వెనక్కి వేశాను. ఎవరు చేస్తారా అని ఒక్క క్షణం అందరూ ఆగారు.

"గింత సేపెందుకు? మోతీబాయీ, నీ మొగన్ని పిలువు," అంది గౌరీబాయి చెట్టు కింద నుంచే. "ఊక నానేసింది నువ్వే గద. పసుపు గూడ నువ్వే పెట్టు."

మోతీబాయి సున్నం అంటిన చేతులు కడుక్కుని వచ్చింది. భీమ్లా అంత ఎండలోనూ చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకున్నాడు. వాళ్లిద్దరూ దర్వాజకు పసుపు రాస్తుంటే హమాలీలు, "పెండ్లి నాడు గూడ గింత సక్కగ నిలబడలే వీడు," అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత పని పరుగెత్తింది. పునాదిలో వదిలిన గాడిలోకి పలక అంచు దింపి, తాళ్లతో లాగి, కర్రలతో ఊతమిచ్చి నిలబెట్టడం. రెండు పలకల సందు తీగతో బిగించి వదిలితే, సిమెంటు కూరడం సాయంత్రం పని. మొన్నటిదాకా ఆకాశం చూస్తూ పడుకున్న గోడలు ఒక్కొక్కటిగా లేచి నిలబడ్డాయి. పొద్దున ఉత్త పునాది ఉన్న చోట పన్నెండు గంటలకు అర్రలున్నాయి. కప్పు లేదు కానీ నీడ ఉంది. హమాలీలు ఆ నీడలోనే సద్దిమూటలు విప్పారు.

సావిత్రి అప్పుడు లోపలికి వెళ్లింది. కాసేపటికి దర్వాజలోంచి ముఖం బయటపెట్టింది.

"కిటికీ ఏది?"

లోపలికి వెళ్లి చూశాను. ఆమె అర్రలో పడమటి గోడ మొత్తం మూసి ఉంది. కిటికీ ఉన్న పలక గోడకు ఇంకో చివర, వంటింట్లో నిలబడి సత్తమ్మ బర్రెల కొట్టాన్ని చూస్తోంది.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. పలకల మీద ఎర్రమట్టి జాజుతో అంకెలు వేసింది నేను. ఒకటి నుంచి ఆరు, ఎడమ నుంచి కుడికి. అంకెలు వేసేటప్పుడు నేను ఇంటి లోపల నిలబడి ఉన్నాను. ఇల్లు ఇంకా లేకపోయినా, మనసులో రోజూ లోపలే నిలబడి చూసుకునేవాణ్ణి. లింగస్వామి గోడ నిలబెట్టేటప్పుడు ఏ మేస్త్రీ అయినా నిలబడే చోట, బయట నిలబడ్డాడు. అతని ఎడమ నా కుడి అయింది. అద్దంలో కుడి ఎడమలు మారడం గురించి పదమూడేళ్లుగా పిల్లలకు పాఠం చెప్తున్నాను.

"వంటింటికి కిటికీ మంచిదేనండి, పొగ పోతుంది," అన్నాడు లింగస్వామి. "పాపగారి గదికి తర్వాత చిన్న బొక్క కొడదాం."

"కొట్టొచ్చు," అన్నాను. నిజానికి లోపల జాలీ ఉంది, కొడితే పలక బలం పోతుంది. కానీ పన్నెండు మంది మనుషులు పొద్దుటి నుంచి మోసి మోసి అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "వానలు పోయినంక పెద్ద కిటికీ పెట్టిస్త బిడ్డా."

"పెట్టవు," అంది సావిత్రి.

అంత గట్టిగా ఆమె గొంతు నేను విని చాలా కాలమైంది.

"నువ్వే అడిగినవ్. యాడ కావాలె, యాడ కావాలె అని. నేను గీత గీసిన. గీసినంక ఎందుకు మార్చినవ్?"

"మార్చలేదు బిడ్డా, పొరపాటున..."

"తర్వాత పెడతనంటవ్. పెట్టవు. అమ్మను గూడ రేపు ఇంటికి తోల్కొస్తనన్నవ్."

ఆమె గోడకు ఆనుకుని, నా ముఖంలోకి సూటిగా చూస్తూ నిలబడింది. దవాఖానకు బయలుదేరిన పొద్దున పక్కింట్లో దింపుతూ నేను ఆమెతో అన్నమాట అది. నేను మరిచాను. ఆమె రెండున్నరేళ్లు దాన్ని పెట్టుకుని, నీళ్లు తాగొచ్చా అని అడుగుతూ ఉంది.

నేను ఆమె ముందు కూర్చున్నాను. "అవును, అన్న," అన్నాను. "తేలేకపోయిన."

ఆమె ఏడ్చింది. ముఖం దాచుకోకుండా, పసిపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. నేను చెయ్యి చాపితే తోసేసింది. మళ్లీ చాపితే, ఆ చేతి మీదే రెండు దెబ్బలు కొట్టింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు అలా కొట్టరు.

బయట భీమ్లా సద్దిగిన్నెకు మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

"లేవుండ్రి," అన్నాడు. "రెండే పలకలు. గిది అటు, అది ఇటు. ఇంకా సిమెంటు పెట్టలే గద."

"తిన్నంక లేద్దాం రా," అన్నాడొకడు.

"తిన్నంక నీకు నిద్రొస్తది. లే."

నిజమే, ఆరు పలకలనూ మార్చక్కర్లేదు. కిటికీ పలకను, దానికి జోడుగా ఇటు చివర ఉన్నదాన్ని ఒకదాని చోట ఇంకొకటి పెడితే చాలు. అంత మాత్రం లెక్క కూడా ఆ క్షణాన నాకు తట్టలేదు. లింగస్వామి గొణుగుతూ తీగలు విప్పాడు. పన్నెండు మంది ఎంగిలి చేతులు కడుక్కుని కిటికీ పలకను ఎత్తి, ఇంటి చుట్టూ తిప్పి తెచ్చారు. ఎండ నడినెత్తిన ఉంది. ఎవరి చెప్పులూ ఎవరికీ దొరకలేదు. "జరుగు, జరుగు, కిటికీ వస్తున్నది," అని భీమ్లా అరుస్తుంటే సత్తమ్మ బర్రెలు కూడా తల తిప్పి చూశాయి.

పలక గాడిలో కూర్చుంది. సావిత్రి ముక్కు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"జర ఇటు," అంది. ఆమె మాట మీద భీమ్లా పలకను రెండు వేళ్లంత జరిపాడు. "సాలు," అంది.

నేను బయటికి వచ్చేసరికి గౌరీబాయి వేపచెట్టు కింద అలాగే కూర్చుని ఉంది. ఆమెకు అంతా వినిపించిందని తెలుసు. కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట కావచ్చు.

"బడి ఏ దినం తెరుస్తరు?" అని అడిగింది.

కప్పు పలకలు ఇనుప దూలాల మీద పరిచి, సందులు పూడ్చి, పైన సున్నం కొట్టేసరికి మృగశిర వచ్చింది. వంటింటి మూల ఒక సందు మొదటి వానకే కారింది. లింగస్వామి వచ్చి, "అది మాత్రం నా తప్పేనండి," అని ఒప్పుకుని, మళ్లీ పూడ్చి పోయాడు. ఇంట్లోకి దిగిన రోజు పాలు పొంగించింది కూడా మోతీబాయే.

ఆ రోజు వాన తర్వాతి ఎండ మండిపోయింది. నేను కాలేజీ లాబ్ నుంచి ఉష్ణమాపకం తెచ్చాను. బయట నలభై రెండు, లోపల ముప్పై మూడు. కాగితం మీద రాసి గౌరీబాయికి చెప్పబోయాను. ఆమె సావిత్రి అర్రలో, కిటికీ కింద, ఉత్త నేల మీద కొంగు పరుచుకుని నిద్రపోతోంది. కొంచెం నోరు తెరుచుకుని ఉంది. ఆమె పగటిపూట నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు. కాగితం జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

నాలుగు రోజులుంది. సావిత్రిని బడిలో చేర్చడానికి నాతో పాటు వచ్చింది. పొయ్యి ఏ మూల పెట్టాలో చెప్పింది. పిల్లకు తల దువ్వేటప్పుడు ఏ వైపు నొప్పంటుందో నాకు చూపించింది. ఐదో రోజు పొద్దున మూట కట్టుకుంది.

"ఇంకొన్నాళ్లు ఉండు అత్తా. పిల్లకు అలవాటయ్యేదాక."

"పిల్లకు అలవాటయింది. పొద్దుగాల నీతోని కొట్లాడింది వినలేదనుకున్నవా, పాలు వద్దని? నాకే అలవాటైతే కష్టం. నా మేకలను ఎవరు సూస్తరు?"

బస్టాండులో హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు నిండి ఉంది. భీమ్లా ముందే పోయి ఆమెకు కిటికీ పక్క సీటులో తువ్వాలు వేసి ఉంచాడు. సావిత్రిని సోడా తెమ్మని పంపి, గౌరీబాయి కిటికీ ఊచల్లోంచి నన్ను దగ్గరికి రమ్మంది. ఏదో పాలగిన్నె మరిచిందేమో అనుకున్నాను.

"నాకు పానం బాగలేకుంటే ఈ ఊరి దవాఖానకే తెస్తరు గద," అంది.

"ఇప్పుడెందుకత్తా ఆ మాట?"

"విను. ఆడ నాకేమన్నా అయితే, సక్కగ తండాకు తీస్కపోకు. తోవల నీ ఇంట్ల దించు. ఎక్కువ సేపు వద్దు. జరసేపు, కిటికీ ఉన్న అర్రల పండబెట్టు. తర్వాత తీస్కపో."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. బస్సంతా అదురుతోంది. ఆమె చెయ్యి ఊచ మీద ఉంది. నేను ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను. అల్లుడు అత్త చెయ్యి పట్టుకోవడం మాలో లేదు. ఆమె తీసేయలేదు.

"సరే అత్తా," అన్నాను.

"ఆఁ," అంది. అంతే. సావిత్రి పరుగెత్తుకుంటూ వచ్చి సోడా అందించింది. గౌరీబాయి సగం తాగి, మిగిలింది మనుమరాలికే ఇచ్చింది. బస్సు కదిలింది.

ఖాళీ సీసా ఇచ్చేసి, రైలుపట్టాల వైపు నడిచాం. ఎండ ఇంకా ఎక్కలేదు. సావిత్రి నా కంటే రెండడుగులు ముందు నడుస్తూ, ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మమ్మ ఏదో చెప్పింది నీకు. నేను సూసిన. మళ్ల మన ఇంటికి వస్తదంటనా?"

"వస్తదంట."

"ఎప్పుడు?"

"తొందరేం లేదన్నది," అన్నాను.